నాలుగడుగుల ట్యాంక్‌లో ఏ ఆఫ్రికన్ సిక్లిడ్‌లు కలిసి బతుకుతాయి?

నాలుగడుగుల పొడవు, సుమారు 200 లీటర్ల ట్యాంక్‌లో ఎల్లో ల్యాబ్, డెమసోనీ, పీకాక్, ఒక ఫ్రాంటోసా, ఈ నాలుగు రకాల ఆఫ్రికా సరస్సు చేపల్ని (సిక్లిడ్‌లు) కలిపి పెంచొచ్చా అని అడిగారు. ఎల్లో ల్యాబ్ ఉంచుకోండి. మిగతా మూడూ ఈ ట్యాంక్‌కి వద్దు. ఇంచుమించు ఇదే సైజు ట్యాంక్‌లో ఏళ్లుగా మలావీ సరస్సు చేపల్ని పెంచుతున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఫ్రాంటోసా టాంగనీకా సరస్సు చేప. పెరిగితే అడుగు పొడవుంటుంది, చీకట్లో చిన్న చేపల్ని మింగేస్తుంది. దాని గురించి ఇంకేం ఆలోచించక్కర్లేదు. పీకాక్ మలావీదే గానీ నెమ్మదస్తురాలు. రాళ్ల సందుల్లో బతికే ఎంబూనాల (ఎల్లో ల్యాబ్, డెమసోనీ ఈ రకమే) మధ్య పడేస్తే అణిగిపోతుంది, మగదానికి రంగు సరిగా రాదు. మీరు దాన్ని కొనేదే ఆ రంగు కోసం కదా! ఇక డెమసోనీ. చూడటానికి వేలెడంతే, కానీ సొంత జాతిని చూస్తే దానికి పూనకం వస్తుంది. నాలుగైదు పెడితే బలమైనది మిగతావాటిని ఒక్కొక్కటిగా చంపేస్తుంది. డజనుకు పైగా ఉంటేనే ఆ దెబ్బలు అందరికీ పంచుకుపోయి బతుకుతాయి. అన్ని డెమసోనీలు పెట్టాక మీ ట్యాంక్‌లో ఇంకెవరికీ చోటుండదు.

నేనైతే ఎల్లో ల్యాబ్, రస్టీ, ఎల్లో టెయిల్ అసెయ్ తీసుకుంటాను. ఎంబూనాల్లో సాధువులు ఈ మూడే అనొచ్చు. పసుపు, గోధుమ-ఊదా, నీలం. రంగులు కలవవు కాబట్టి మగవి ఒకదాన్నొకటి పోటీ అనుకోవు, సంకరం పిల్లలు పుట్టే భయమూ తక్కువ. అసెయ్ ఎక్కువగా పైనీళ్లలో గుంపుగా ఈదుతుంది, రాళ్ల దగ్గర తొక్కిడి తగ్గుతుంది. ఎల్లో ల్యాబ్ పక్కన రెడ్ జీబ్రా మాత్రం పెట్టకండి, ఆ రెండూ ఇట్టే జతకడతాయి. ‘మిక్స్‌డ్ ఆఫ్రికన్’ పేరుతో అమ్మే పిల్లల జోలికీ వెళ్లొద్దు. వాటిలో ఔరాటస్, కెన్యీ వచ్చేస్తాయి. చిన్నప్పుడు ముద్దుగా ఉంటాయి, పెరిగాక ట్యాంక్ మొత్తం తమదే అంటాయి.

ప్రతి జాతిలో ఒక మగదానికి కనీసం మూడు ఆడవి ఉండాలి. పిల్లలుగా ఉన్నప్పుడు ఏది మగో ఏది ఆడో తెలియదు కాబట్టి ఒక్కో జాతివి ఐదారు తెచ్చి, పెరిగాక అదనపు మగవాటిని తీసేయండి. తీసేయాల్సిన చేప ఏదో ట్యాంకే చూపిస్తుంది. రెక్కలు ముడుచుకుని, పై మూలన హీటర్ వెనక నిలబడే చేపను చూడండి. తోక అంచులు చిరిగి ఉంటాయి. మేత వేసినా ముందుకు రాదు. ఆ చేపను రేపు చూద్దాంలే అని వదలకూడదు, ఆ పూటే వేరే ట్యాంక్‌లోకి మార్చాలి. ఇంకో చేపా తిండి మానేస్తుంది, దాని సంగతి వేరు. గొంతు కింద సంచిలా ఉబ్బి, ఏదో నములుతున్నట్టు దవడ ఆడిస్తుంటే అది నోట్లో గుడ్లు పెట్టుకున్న తల్లి. దాదాపు మూడు వారాలు అలాగే ఉంటుంది. దాన్ని కదిలించకండి. నాకు ఈ చేపల మీద ఇష్టం పెరిగింది ఆ తల్లిని చూశాకే.

మేతకు స్పిరులినా అనే నాచు ఎక్కువున్న గుళికలు చాలు, మూడు జాతులకూ సరిపోతాయి. రస్టీ, అసెయ్ రాళ్ల మీద, మునిగిన దుంగల మీద పాచి గీరుకుని తినే చేపలు. రోజూ బ్లడ్‌వార్మ్స్ లాంటి మాంసం మేత వేస్తే బ్లోట్ అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. పొట్ట ఉబ్బి, తెల్లటి దారంలా మలం వచ్చాక కాపాడటం చాలా కష్టం.

నీళ్ల పీహెచ్ 7.8 నుంచి 8.6 మధ్య, వేడి 25 డిగ్రీల దగ్గర ఉంటే సరి. మీ నీళ్లు మెత్తనివైతే (ఖనిజాలు తక్కువగా ఉంటే) ఫిల్టర్‌లో పగడపు ముక్కల సంచి పెట్టండి. మొత్తం పదిహేను, పద్దెనిమిది చేపల దాకా పెట్టొచ్చు. కాస్త గుంపు ఉంటే ఏ ఒక్కదాని మీదా కక్ష నిలవదు. కాకపోతే అంత గుంపుకి గట్టి ఫిల్టర్ కావాలి, వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చాలి.

రాళ్లు మాత్రం ముందు పేర్చి, ఆ తర్వాతే చుట్టూ ఇసుక పోయండి. ఈ చేపలు రాత్రికి రాత్రి గోతులు తవ్వేస్తాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి ఒరిగితే అద్దం పగులుతుంది.