401కె ముట్టుకోకండి, ముందు క్లినికల్స్ గంటలు లెక్కేయండి

మీ ప్రశ్న టూకీగా ఇదీ: డల్లాస్‌లో పిల్లల ఆసుపత్రిలో ఆరేళ్లుగా ఆర్ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) చేస్తున్నారు, గ్రీన్‌కార్డు ఉంది, పీడియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్ (పిల్లలని పరీక్షించి, మందులు రాయగలిగే పై స్థాయి నర్సు) కావాలనుంది, ఆగస్టులో మొదలయ్యే ఎమ్మెస్సెన్‌కి (నర్సింగ్ మాస్టర్స్‌కి) 48 వేల డాలర్లు. ఉద్యోగం మానేసి రెండేళ్లలో ముగించాలా, 401కె (ఉద్యోగం ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) లోంచి తీయాలా అని అడిగారు.

రెండూ వద్దు.

అందరూ ఫీజు చూసి టెన్షన్ పడతారు గానీ, అసలు దెబ్బ క్లినికల్స్ దగ్గర, అంటే రోగుల దగ్గర శిక్షణగా చేసే గంటల దగ్గర తగులుతుంది. మీ కోర్సులో అవి 600 గంటలు అన్నారు, ఆ గంటలకి సాధారణంగా పైసా రాదు. మీ గంట రేటు 44 డాలర్లు కాబట్టి అన్ని గంటల డ్యూటీ వదులుకుంటే 26,400 డాలర్లు పోయినట్టే, ఈ అంకె ఏ బ్రోషర్‌లోనూ వేయరు. అందుకే మూడేళ్ల పార్ట్‌టైమ్ తీసుకోండి. థియరీ సెమిస్టర్లలో మామూలు డ్యూటీ, క్లినికల్స్ ఏడాది వీకెండ్‌లో 12 గంటల షిఫ్టులు. హెల్త్ ఇన్సూరెన్స్ పోకుండా ఎన్ని గంటలు చేయాలో హెచ్ఆర్‌ని ఇప్పుడే అడగండి.

ఇంకో లాభం. యజమాని ఇచ్చే చదువు సాయం ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను లేకుండా వస్తుంది, అదీ క్యాలెండర్ ఏడాది లెక్కన. ఆగస్టులో చేరితే మూడేళ్ల కోర్సు నాలుగు క్యాలెండర్ ఏళ్లని తాకుతుంది. మీ ఆసుపత్రి పూర్తిగా ఇస్తే 21,000 డాలర్లు! మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలో మాత్రం సంతకానికి ముందే చదవండి.

మిగతా 27,000లో నెల జీతంలోంచి కట్టగలిగింది కట్టి, తగ్గినదానికే ఫెడరల్ లోన్ తీసుకోండి. 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకి గ్రాడ్ ప్లస్ లోన్ (మాస్టర్స్ ఖర్చు మొత్తానికీ ఇచ్చే ఫెడరల్ లోన్) లేదు, ఏడాదికి 20,500 డాలర్లు పరిమితి, పార్ట్‌టైమ్‌కి అదీ దామాషాలో తగ్గుతుంది. 401కె అయితే మీ వయసులో పన్నుతో పాటు 10 శాతం పెనాల్టీ. చదువు ఖర్చుకి ఆ పెనాల్టీ మినహాయింపు ఐఆర్ఏకే (సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతాకే), 401కెకి లేదు.

2024లో ఆర్ఎన్ మధ్యస్థ జీతం ఏడాదికి 93,600 డాలర్లు, నర్స్ ప్రాక్టీషనర్‌ది 129,210. పిల్లల క్లినిక్‌లలో అంత ఇవ్వకపోవచ్చు, ఫ్యామిలీ ట్రాక్ (అన్ని వయసులవాళ్లనీ చూసే కోర్సు) చేసినవాళ్లకి ఉద్యోగాలూ ఎక్కువే. కానీ ఆస్తమా బాబు తల్లికి స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టంతో) ఇన్‌హేలర్ ఎలా పట్టాలో అర్ధరాత్రి మూడుసార్లు చూపించానని రాశారు చూడండి, అది చదివాక ట్రాక్ మార్చమని నాకు నోరు రాలేదు.

ఒక్కటి మాత్రం తప్పకుండా చేయండి. క్లినికల్స్‌లో మీకు పని నేర్పే ప్రిసెప్టర్‌ని కాలేజీ వెతికిపెడుతుందా, మీరే వెతుక్కోవాలా అని అడగండి. దొరక్కపోతే సెమిస్టర్ వాయిదా పడి లెక్కంతా తలకిందులవుతుంది. జవాబు ఈమెయిల్‌లో వచ్చేదాకా డిపాజిట్ కట్టకండి.