ఒకటో తరగతి పాపను కథల పోటీకి ఎలా తయారు చేయాలి?

మీ పాపకు ఇంకో పది రోజుల్లో స్కూల్లో కథల పోటీ ఉందనీ, మూడు నిమిషాల కథ బట్టీ పట్టించినా సగంలో ఆగిపోయి బిక్కమొహం వేస్తోందనీ రాశారు. మా బాబుతో నాకూ ఇదే అయింది. అందుకే చెప్తున్నానండీ, ముందు ఆ కాగితం పక్కన పెట్టేయండి.

వాడు యూకేజీలో ఉన్నప్పుడు ఒక నీతికథ రాసిచ్చి రోజూ అప్పజెప్పించుకున్నాను. "పూర్వము ఒకానొక అరణ్యమందు" అని మొదలయ్యేది. ఇంట్లో గడగడా చెప్పేవాడు. స్టేజీ మీద ఒక్క మాట మర్చిపోయాడు, ఇక ఆ తర్వాతది ఏదీ నోటికి రాలేదు. ముందు వరసలో కూర్చుని నేను పెదాలు కదిపి అందిస్తుంటే, నా నోటి వంకే చూస్తూ ఏడ్చేశాడు. ఆ ముఖం తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే. వాడికి మాటల వరస వచ్చింది, కథ రాలేదు.

మరుసటి ఏడాది మా అమ్మ వాడికి ఏడు చేపల కథ చెప్పింది. ఈ వయసు పిల్లలకు ఇంతకన్నా మంచి కథ లేదని నా గట్టి నమ్మకం. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపా ఎందుకు అడ్డమొచ్చావంటే ఆవు మేయలేదు. అక్కణ్ణుంచి జీతగాడు, అవ్వ, పిల్లాడు, చివరికి చీమ. ప్రతి జవాబులోంచే తర్వాతి ప్రశ్న పుడుతుంది కాబట్టి దారి తప్పడం కష్టం. ఒక్కో ఇంట్లో ఒక్కోలా చెప్తారు, మీ ఇంట్లో ఎలా చెప్తే అలాగే చెప్పించండి.

అయినా వాడు రోజూ గడ్డిమోపు దగ్గర తడబడేవాడు. కారణం అమ్మే కనిపెట్టింది: వాడు గడ్డిమోపు ఎప్పుడూ చూడలేదు. ఎండుచేప కూడా అంతే. ఆదివారం సంతకు తీసుకెళ్ళి ఎండుచేపల రాశి ముందు నిలబెట్టింది. రెండు వేళ్ళతో ముక్కు మూసుకుని, "అమ్మమ్మా, రాజుగారి కొడుకులు ఇవి తింటారా?" అన్నాడు. వచ్చే దారిలో గేదెలకు గడ్డి మోసుకెళ్తున్నాయన కనిపిస్తే అదీ చూపించింది. ఆ సాయంత్రం నుంచి వాడు అక్కడ ఆగలేదు. మీ పాప ఎక్కడ ఆగుతోందో చూడండి. అక్కడున్న వస్తువు తను చూసిందో లేదో అడగండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఊ కొట్టడం. మనం ఊ అంటుంటే పిల్లలకు ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. బుర్రకథలో వంతలవాళ్ళు "తందాన తానా" అనేలోపు కథకుడు గుక్క తిప్పుకుంటాడు చూడండి, అలాగన్నమాట. పోటీలో ఊ కొట్టేవాళ్ళు ఉండరు కదా. అందుకని మొదట్లో పక్కన పడుకోబెట్టుకుని ఊ కొట్టిన అమ్మ, చివరి నాలుగు రోజులూ మానేసింది. ఒకరోజు వంటింట్లోంచి, ఒకరోజు వరండాలోంచి, ఆఖరికి మేడ మీద నుంచి వింది. గట్టిగా చెప్పమని ఎవరూ అనకుండానే గొంతు పెరిగింది.

చేతులు ఇలా ఊపు, కళ్ళు అలా తిప్పు అని మాత్రం నేర్పకండి. దానితోనే సగం టెన్షన్. స్టేజీ మీద ఎండుచేపల దగ్గర మావాడు తనంతట తనే ముక్కు మూసుకున్నాడు, హాలంతా నవ్వింది. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అన్నప్పుడు ముందు వరస పిల్లలు వాడితో కలిసి అరిచారు.

కథ మూడు నిమిషాలకు చాలకపోతే వేట దగ్గర, చేపలు లెక్కపెట్టే దగ్గర కాస్త సాగనివ్వండి. "కథ కంచికి, మనం ఇంటికి" అని ముగిస్తే ఎక్కడ ఆపాలో తనకు తెలుస్తుంది. పోటీ రోజు పొద్దున ఒక్కసారి కూడా చెప్పించకండి. హాల్లో తన కళ్ళకు కనపడకుండా వెనక కూర్చోండి.

పాప రోజూ అడిగి మరీ చెప్పించుకునే కథ ఏదైనా ఉంటే ఇక్కడ రాయండి, మూడు నిమిషాలకు ఎలా సర్దాలో చూద్దాం.