బ్రేకు నొక్కితే ఎడమకు లాగే కారు

ప్రశ్న: సుంకి ఘాట్‌లో సాలూరు వైపు దిగుతూ బ్రేకు నొక్కితే మా కారు ఎడమకు లాగుతోంది. వీల్ అలైన్‌మెంట్ చేయించినా తగ్గలేదు. కారణమేమిటి?
– ఒక పాఠకుడు, కోరాపుట్

జవాబు: బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే లాగుతోందంటే ముందుగా బ్రేకులనే అనుమానించాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు: బండి ఎడమకు లాగితే ఎడమ చక్రం గట్టిగా పట్టుకుంటోందని, కుడి బ్రేకు సరిగా పట్టకపోవడమే దానికి కారణం కావచ్చని, అంటే లోపం తరచుగా కుడివైపే ఉంటుందని గ్రహించండి. టైర్లలో గాలి సరిచూసుకుని కుడి ముందు చక్రం విప్పించండి. కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను చక్రం డిస్కుకు రెండువైపులా నొక్కిపట్టే భాగం) జారే పిన్నులకు గ్రీజు ఎండి, తుప్పు పట్టి బిగుసుకుపోతే, లోపలి ప్యాడ్ పలుచగా అరిగిపోయి, బయటిది మాత్రం ఇంకా మందంగానే కనిపిస్తుంది. పిన్నులు బాగుంటే ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను, లోపల పూడుకుపోయే బ్రేకు గొట్టాన్ని పరీక్షించాలి. ప్యాడ్లను రెండు చక్రాలకూ కలిపే మార్పించండి. అంతవరకు దయచేసి ఆ ఘాట్ దిగవద్దు.