తాటిపూడి జలాశయం ఎప్పుడు కట్టారు, పిల్లలతో వెళ్తే చూడ్డానికి ఏముంది?

మాది విజయనగరమే కాబట్టి చెప్తున్నాను. గంట్యాడ మండలంలోని తాటిపూడి దగ్గర గోస్తనీ నదికి అడ్డంగా 1963-68 మధ్య దీన్ని కట్టారు, ఉద్దేశం షికారు కాదు, మన జిల్లాలో 15 వేల ఎకరాలకు పైగా సాగునీరు, విశాఖ నగరానికి తాగునీరు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చి చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే నది ఇదే. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి, చూసే చూపే మారిపోతుంది.

జారుడు బల్లలు, కృత్రిమ అలలు ఉండవు. గట్టు మీద నిలబడితే ఎదురుగా కొండలు, వాటి నీడ నీళ్లలో కదులుతూ ఉంటుంది, గాలి ఆగిన క్షణంలో చెట్లు కూడా విడివిడిగా కనిపిస్తాయి. నాకు అదే ఇష్టం. వానలు వెనకబట్టాక, అక్టోబరు, నవంబరుల్లో వెళ్తే నీళ్లు నిండుగా, కొండలు పచ్చగా ఉంటాయి. బోటు నడుస్తోందో లేదో ముందు కనుక్కోండి. నీళ్లలోకి మాత్రం పిల్లల్ని దింపొద్దు, లోతు పైకి తెలీదు. ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా అరకు వెళ్లేవాళ్లు దారిలో ఆగొచ్చు.