ఫాసిస్టు యువజన సంఘాల మీద పరిశోధన: అమ్మాయిని ఎక్కడ చదివించాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ హిస్టరీ ఫైనలియర్. హిట్లర్, ముస్సోలినీల కాలంలో యువజన సంఘాలు దేశదేశాల మధ్య పెట్టుకున్న సంబంధాల మీద పీజీ, తర్వాత పీహెచ్‌డీ చేస్తానంటోంది. వీసా దగ్గర ఇబ్బంది వస్తుందేమోనని దరఖాస్తులో ‘ఇంటర్నేషనల్ రిలేషన్స్’ అని రాయమన్నాను. యూకేలో ఏడాది ఎంఏ మంచిదా, జర్మనీయా, హైదరాబాదా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఆ దరఖాస్తు సంగతి చూద్దాం. అమ్మాయి చేత అబద్ధం రాయించకండి. కోర్సు ఒకటి, చెప్పే ఉద్దేశం ఇంకొకటి అయితేనే ఇంటర్వ్యూలో చిక్కొస్తుంది. ఫాసిజం చరిత్ర జర్మనీలో బళ్లోనే చెప్పే పాఠం. ఆ పేరు చూసి అక్కడ ఎవరూ ఉలిక్కిపడరు. నిజానికి మీ టెన్షన్ వీసా గురించి కాదనుకుంటాను. చుట్టాలు అడిగితే ఏం చెప్పాలి, రేపు ఉద్యోగం రాకపోతే ఎలా అన్నదే మీ బెంగ. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి.

అసలు మీ అమ్మాయి ఏం చదవాలనుకుంటోందో ఒక్కసారైనా కూర్చుని అడిగారా? 1938 ఆగస్టులో నాజీ పార్టీ యువజన సంఘమైన హిట్లర్ యూత్ నుంచి ముప్పై మంది దాకా కుర్రాళ్లు ఓడలో యొకొహామా వెళ్లి దిగారు. దాదాపు మూడు నెలలు జపానంతా తిప్పి చూపించారు. కితహారా హకుషూ అంతటి కవి వాళ్ల కోసం స్వాగతగీతం రాశాడు. అదే ఏడాది జపాన్ కుర్రాళ్లు జర్మనీలో తిరిగారు. తమ జాతే గొప్పదని నూరిపోసిన పిల్లల్ని పరాయి జాతి పిల్లలతో స్నేహం చెయ్యమని ఎలా పంపారు? 1942 సెప్టెంబరులో, అంతకుముందు హిట్లర్ యూత్‌ను నడిపి అప్పటికి వియన్నాలో నాజీ పాలకుడిగా ఉన్న బాల్దుర్ ఫాన్ షీరాఖ్, ఆ నగరంలో దేశదేశాల యువజన నాయకుల్ని పిలిచి యూరప్ యువజన సంఘం పెట్టాడు. ఆ నెలల్లోనే ఆ నగరం నుంచి యూదుల్ని రైళ్లకెక్కించి చావుకు పంపుతున్నారు. ఆ నేరానికే నురెంబర్గ్ కోర్టు అతనికి 20 ఏళ్ల శిక్ష వేసింది. పిల్లల శిబిరాల వెనక ఏం నడిచిందో తెలుసుకోవాలనుకునే అమ్మాయిని చూసి మీరు గర్వపడాలి.

ఇక యూకే. ఏడాది ఎంఏ ఇప్పుడు ఫ్యాషన్ అయిపోయింది, కన్సల్టెన్సీలు కూడా దాన్నే ముందు చూపిస్తాయి. ఈ సబ్జెక్టుకు మాత్రం అది సరిపోతుందని నాకు నమ్మకం లేదు. సెప్టెంబరులో చేరితే మళ్లీ సెప్టెంబరుకల్లా డిసర్టేషన్ ఇచ్చేయాలి. ఈ చరిత్ర కాగితాలు ఎక్కువగా బెర్లిన్, రోమ్ ఆర్కైవ్స్‌లో జర్మన్, ఇటాలియన్ భాషల్లో ఉంటాయి. ఆ భాష నేర్చుకునే తీరిక ఆ ఏడాదిలో ఎక్కడిది? ఇంగ్లిష్ పుస్తకాలు తిరగేసి, పాతిక ముప్పై లక్షల అప్పుతో తిరిగొచ్చిన అమ్మాయికి పీహెచ్‌డీ గైడ్ దొరకడం కష్టం. అంత డబ్బు పోసే ముందు మీరు కన్సల్టెన్సీని అడగాల్సిన ప్రశ్న ఇది. అడగకుండా అమ్మాయిని అనుమానించడం న్యాయం కాదు.

జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్‌లో ప్రస్తుతం ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. కాకపోతే చరిత్ర ఎంఏ ఎక్కువగా జర్మన్‌లోనే చెబుతారు. అందుకే నా ఓటు హైదరాబాద్‌కే. సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ హిస్టరీ చేస్తూ పక్కన జర్మన్ గట్టిగా పట్టుకోనివ్వండి. యూజీసీ నెట్ రాసి తెచ్చుకునే పరిశోధన ఫెలోషిప్ జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 అందుతుంది. జర్మనీ పీహెచ్‌డీ సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

అధ్యాపక పోస్టులు తక్కువే, దాచను. అయినా జర్మన్ బాగా వచ్చిన హిస్టరీ పీజీ ఖాళీగా కూర్చోదు. అనువాదాలు, భాష అవసరమున్న కంపెనీలు, ఆర్కైవ్స్, మ్యూజియాలు, పోటీ పరీక్షలు ఉన్నాయి. ఆ భయం వదిలేయండి.

ఈ సెలవుల్లోనే జర్మన్ మొదటి మెట్టయిన ఏ1 బ్యాచ్‌లో చేర్పించండి. ఇంకో పని కూడా ఉంది. 1931 మార్చిలో హిందూ మహాసభ నాయకుడు బి.ఎస్. మూంజే రౌండ్ టేబుల్ సమావేశం నుంచి తిరిగొస్తూ రోమ్‌లో ముస్సోలినీ బాలల సంఘం బలిల్లా శిక్షణ చూశాడు, 19న ముస్సోలినీని కలిశాడు, అదంతా డైరీలో రాసుకున్నాడు. ఆరేళ్లకు నాసిక్‌లో ఆయన మిలిటరీ స్కూల్ మొదలైంది. ఆయన కాగితాలు ఢిల్లీలో తీన్‌మూర్తి లైబ్రరీలో ఉన్నాయి. కాలేజీ నుంచి లెటర్ తీసుకుని వారం రోజులు అక్కడ చదివి రానివ్వండి. టికెట్లు మీరే తీయండి.