కొత్త రబ్బరు చేతిలో ఉండగా పాతదాన్ని ఎందుకు కాపాడినట్టు?

ప్రశ్న: మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. మా నాన్నగారి 1968 స్టాండర్డ్ హెరాల్డ్ ఇంకా నడుస్తోంది. వానకు ముందద్దం అంచుల నుంచి నీళ్లు కారుతుంటే, కొత్త రబ్బరు బీడింగ్ నేనే కొని ఒక షెడ్డులో ఇచ్చాను. తీసేటప్పుడు అద్దం పగలగొట్టారు. ‘మూల ముందే చీలి ఉంది సార్’ అంటున్నాడు మెకానిక్. బిల్లు మీద ‘గాజుకు పూచీ లేదు’ అని తమిళంలో స్టాంపు కొట్టాడు. అద్దం బదులు ప్లాస్టిక్ షీటు బిగించాడు. పాత రబ్బరు చుట్టచుట్టి డిక్కీలో పడేశాడు. కూలి 6,500 రూపాయలు ఇస్తేనే తాళాలిస్తాడట. పోలీసు కేసు పెట్టొచ్చా? అద్దం మారిస్తే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు పనికిరాదని ఎవరో అన్నారు, నిజమేనా?

జవాబు: పోలీసుల సంగతి వదిలేయండి. కావాలని పగలగొడితే నేరం. చేతకాక పగలగొడితే అది సివిల్ తగాదా. స్టేషన్ చుట్టూ తిరిగితే చెప్పులరగడమే మిగులుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది డిక్కీలోని పాత రబ్బరు. నేను కార్ల మనిషిని కాను, అందుకే కార్ల విడిభాగాల అంగళ్లుండే పుదుపేటలో తెలిసిన పెద్ద మేస్త్రీని అడిగాను. ఏళ్లనాటి రబ్బరు కట్టెలా బిగుసుకుపోతుందట. ముందు రబ్బరు మీదుండే మెరిసే పట్టీ లాగేసి, రబ్బరు బయటి అంచును బ్లేడుతో చుట్టూ కోసేస్తే ఇద్దరు మనుషులు అద్దాన్ని పళ్లెంలా ఎత్తి బయట పెట్టొచ్చట. కోయకుండా లోపలి నుంచి కాళ్లతో తంతే, బలమంతా ఒక మూల పడి అద్దం పగులుతుంది. (బిగించేటప్పుడు కొత్త రబ్బరు గాడిలో తాడు పెట్టి, సబ్బునీళ్లు రాసి, ఒకరు బయట నుంచి అరచేత్తో నొక్కుతుంటే ఇంకొకరు లోపల తాడు లాగుతారట. చూడముచ్చటగా ఉంటుందన్నాడు.)

కొత్త రబ్బరు మీరు చేతికిచ్చారు. పాతదాన్ని కాపాడాల్సిన పనే లేదు. అయినా అది తెగకుండా చుట్టగా మిగిలిందంటే కోయలేదు, తోశారనే కదా అర్థం? మీ కేసు బలమంతా అందులోనే ఉంది.

చట్టం ప్రకారం రిపేరుకు ఇచ్చిన కారు మెకానిక్ దగ్గర మీరు అప్పగించిన సొత్తు. 1872 కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, మామూలు వివేకం ఉన్నవాడు తన వస్తువును చూసుకున్నట్టు దాన్ని చూసుకోవాలి. తన చేతిలో ఉండగా పాడైంది కాబట్టి, జాగ్రత్త తీసుకున్నానని చెప్పుకోవాల్సింది అతనే. అయితే 150వ సెక్షన్ కూడా ఉంది: మీకు తెలిసిన లోపం దాచకూడదు. మూల నిజంగా చీలి ఉండి, అది మీకు తెలిసీ చెప్పకపోతే మీ వాదన పలచబడుతుంది. షెడ్డుకు ఇవ్వకముందు తీసిన ఫొటోలు ఫోన్‌లో ఏవైనా ఉన్నాయేమో వెతకండి. పండగకు కారుకు దండ వేసి తీసిన ఫొటో అయినా పనికొస్తుంది.

పని అయ్యాక బిల్లు మీద కొట్టిన స్టాంపు ఒప్పందం కాదు. కారు అప్పగించేటప్పుడు పనుల వివరం రాసి మీచేత సంతకం పెట్టించుకున్న కాగితంలో (జాబ్ కార్డు) ఆ మాట ఉంటే మాత్రం కాస్త చిక్కు.

తాళాల విషయంలో అతనికి 170వ సెక్షన్ కింద కూలి కోసం వస్తువు ఆపుకునే హక్కుంది. కానీ అది ఒప్పుకున్న పని చేసినవాడికి. ఇక్కడ బీడింగ్ మార్పే పూర్తవలేదు. అయినా 6,500 కోసం కారును వానలో వదిలి వాదించమని నేను చెప్పను. ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని వాట్సాప్‌లో పెట్టి, యూపీఐలో కట్టి కారు తెచ్చుకోండి. నడుపుకుంటూ కాదు, టోయింగ్ బండి మీద. మోటారు వాహనాల నియమాల్లో 100వ నియమం ప్రకారం ముందద్దం సేఫ్టీ గ్లాస్ అయి ఉండాలి. ఆ ప్లాస్టిక్ షీటు అందుకు సరిపోదు. మీ కారు పాతది కాబట్టి లామినేటెడ్ (రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే) అద్దమే వేయాలన్న నిబంధన దానికి వర్తించదు. అయినా అదే వేయించండి, రాయి తగిలితే ముక్కలు మొహాన పడవు. అద్దం మీద ఐఎస్ 2553 (సేఫ్టీ గ్లాస్‌కు భారతీయ ప్రమాణం) గుర్తు చూసుకోండి.

తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. బదులు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరున్న చోటే ఫిర్యాదు వేయొచ్చు, సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. అంతకన్నా ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి. కొత్త అద్దానికి రెండు చోట్ల కొటేషన్లు తీసుకుని ఆ మొత్తం అడగండి. నాన్నగారి జ్ఞాపకానికి విలువ కడతామంటే కమిషన్ వాళ్లు పెద్దగా కట్టరు.

వింటేజ్ గురించి ఎవరో మిమ్మల్ని ఊరికే భయపెట్టారు. వింటేజ్ వాహనాల నమోదుకు 2021లో వచ్చిన నియమాలు అడిగేది 50 ఏళ్లు దాటిన కారు, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేకపోవడం. అద్దం మారిస్తే అది పోదు. కాకపోతే వింటేజ్ కింద నమోదైతే కారును రోజువారీ వాడకూడదు, అది చూసుకుని దరఖాస్తు పెట్టండి.

ఈ లోపు ఆ పాత రబ్బరును, అద్దం ముక్కలు దొరికితే వాటినీ ఒక సంచిలో కట్టి ఇంట్లో పెట్టండి. శుభ్రం చేయకండి.