మొనాకో చూడాలంటే నీస్‌లో ఉండండి

తమ్ముడూ, హనుమకొండ నుంచి అమ్మానాన్నలను యూరప్‌లోని బుల్లి దేశం మొనాకో తీసుకెళ్లాలనుకుని, హోటల్ రేట్లు చూసి ఆగిపోయానని రాశావు. ఆగకు. అక్కడ రాత్రి ఉండాల్సిన పనే లేదు. పక్కనే ఫ్రాన్స్‌లోని నీస్‌లో రూమ్ తీసుకో. లోకల్ రైలు అరగంటలోపే మొనాకో చేరుస్తుంది, కాజీపేట నుంచి జనగామకు పట్టేంత టైమ్ కూడా పట్టదు. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోబెట్టు, దారిలో సముద్రం కనిపిస్తుంది. ఫ్రాన్స్ ఇచ్చే షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే ఒకే వీసా) ఉంటే చాలు.

నాన్నకి మోకాళ్ల నొప్పులన్నావు, అసలు చూసుకోవాల్సింది అదే. దేశమంతా కలిపి 2 చదరపు కిలోమీటర్లే, కానీ అంతా కొండవాలు. మెట్లు ఎక్కించకు. వీధుల మధ్య పబ్లిక్ లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి, ఉచితం. పైన ప్యాలెస్ ఉన్న కొండ మీదికి సిటీ బస్సు ఎక్కండి. అక్కడ 11:55కి గార్డులు మారే వేడుకకి టికెట్ లేదు. దగ్గర్లోనే 1910లో ప్రారంభించిన ఓషనోగ్రఫిక్ మ్యూజియం (సముద్ర జీవులను చూపే మ్యూజియం) ఉంది, దానికి మాత్రం డబ్బులు పెట్టు, పెద్దవాళ్లకి బాగా నచ్చుతుంది. కాసినో బయటి నుంచి చూస్తే చాలు. తిండి నీస్ పాత బజారులోనే కానివ్వు, శనగపిండితో చేసే సొక్కా అట్టు దొరుకుతుంది. మొనాకో వీధుల్లో ఫార్ములా వన్ కార్ రేసు జరిగే వారం మాత్రం వెళ్లకు, నీస్‌లోనూ రేట్లు పెరుగుతాయి.